అరవడానికి పనికిరాని పెన్ను

జూన్ 4
ఆపరేషన్ అయింది. నొప్పి ఉంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మా ఆవిడ మొహం కనిపించింది. ఇవాళ్టికి ఇంతే రాయగలను.

జూన్ 6
ఇంటికి వచ్చాం. గొంతులో పెరిగిన గడ్డ చెడ్డది కాదని రిపోర్టు వచ్చింది. ఆ సంగతి డాక్టరు చెబుతుంటే నేను చేతులు జోడించాను. జోడించిన చేతులు ఇంకా విప్పకముందే ఆయన రెండో సంగతి చెప్పాడు. జూలై సగం దాటేదాకా నేను నోరు మెదపకూడదట. అరవకూడదు, మాట్లాడకూడదు, గుసగుసలు కూడా వద్దట. అరుపు కంటే గుసగుస ఇంకా చెడ్డదట. "ఆ తర్వాత చూద్దాం. మాట రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా పాత గొంతు వస్తుందని నేను హామీ ఇవ్వలేను" అన్నాడు.

కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడికి గొంతు తప్ప ఇంకేం ఆస్తి ఉంది? గొప్పలకు రాయడం లేదు, ఇది నేను తప్ప ఎవరూ చదవరు. నేను "ఒకటోసారి" అన్నానంటే షెడ్డు అవతల లారీ దించేవాళ్ళు కూడా బస్తా భుజాన ఉండగానే ఆగి వినేవాళ్ళు.

సరే. ప్రాణం దక్కింది. ముందు దానికి సంతోషించాలి. సంతోషిస్తున్నాను.

జూన్ 8
పక్కింటాయన పరామర్శకు వచ్చాడు. నా చెవిలో నోరు పెట్టి "ఎలా ఉందీ" అని అరిచాడు. పోయింది నా గొంతు, చెవులు కాదు. ఈ సంగతి రాసి చూపిస్తే, చదివి, "అలాగా" అని మళ్ళీ అరిచాడు. మంచివాడే. పళ్ళు తెచ్చాడు.

మా ఆవిడది ఇంకో రకం. నాతో పాటు తను కూడా మాట్లాడటం మానేసి చేతులు తిప్పుతోంది. పొద్దున్నే బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని కనుబొమలు ఎగరేసింది. "టీ కావాలా అని నోటితో అడగొచ్చు, నీకేం ఆపరేషన్ కాలేదు" అని రాశాను. చదవడానికి కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళింది. అది దొరికి, తను వచ్చి, చదివి, నవ్వేసరికి టీ సంగతి ఇద్దరం మరిచిపోయాం.

"మీరు పలక్కుండా నేనొక్కదాన్నే మాట్లాడుతుంటే గోడకి చెప్పుకున్నట్టుందండీ. అందుకని చేతులు తిప్పుతున్నా" అంది.

జోకు వేసి కళ్ళజోడు వచ్చేదాకా కూర్చోవడం కొత్తగా ఉంది.

జూన్ 11
రోజంతా బాల్ పెన్నుతో రాస్తే వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. మధ్యాహ్నం నుంచి బొటనవేలు వంగడం లేదు. పైగా నా రాత నాకే నచ్చడం లేదు. ఇన్నేళ్ళూ నేను రాసిందేముంది, సంతకం తప్ప. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. నేను గట్టిగా అనుకున్నది కాగితం మీద పీలగా పడుతోంది.

జూన్ 12
బామ్మర్ది వచ్చాడు. ఇన్నాళ్ళూ నా పక్కన నిలబడి సరుకు చూపించేవాడు, ఇప్పుడు నా చోట నిలబడి వేలం వేస్తున్నాడు. షావుకార్లు అడిగితే నేనే సరే అన్నాను, అంటే తల ఊపాను.

"బావా, ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, నాకు అంతుబట్టడం లేదు. కాస్త చెప్పు" అన్నాడు.

"ఒకటోసారి ఎత్తు. రెండోసారి ఇంకా ఎత్తు. మూడోసారికి ముందు కొంచెం ఆగు" అని రాసిచ్చాను. ఈత ఎలా కొట్టాలో చీటీ మీద రాసిచ్చినట్టుంది. పాపం, దాన్ని మడిచి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

జూన్ 15
ఇవాళ ఒక పని చేశాను.

మందులు తేవడానికి వెళ్ళాను. మందుల షాపు పక్కనే ఒక పెన్నుల కొట్టు ఉంది. ఆ దారిన కొన్ని వేలసార్లు నడిచి ఉంటాను, ఎప్పుడూ కంటబడలేదు. అద్దం వెనక వరసగా పెన్నులు. లోపల మెడలో భూతద్దం వేలాడేసుకున్న ఒకావిడ కూర్చుని ఏదో తుడుస్తోంది. వయసులో నాకంటే కాస్త చిన్నది.

"మాట్లాడలేను. బాగా రాసే పెన్ను కావాలి" అని రాసి చూపించాను.

"బహుమతి ఇవ్వడానికా?"

"కాదు. నేను మాట్లాడుకోవడానికి."

అయ్యో అంటుందేమో అనుకున్నాను. అనలేదు. "రోజుకి ఎంత మాట్లాడతారు?" అని అడిగింది, దర్జీ చేతి పొడవు అడిగినట్టు. మా ఆవిడని అడిగితే తెలుస్తుందని రాశాను. నవ్వింది. నా బాల్ పెన్ను తీసుకుని చూసింది, నా వేలి మీద పడిన గుంట చూసింది. "బాల్ పెన్నుని నొక్కితేగానీ రాయదు. రోజంతా నొక్కితే వేళ్ళు చచ్చిపోతాయి. పాళీ పెన్ను అలా కాదు, దాని బరువుకే అది రాసుకుపోతుంది" అంది.

రెండు మూడు చూపించింది. ఏదీ నచ్చలేదు. అప్పుడు లోపలి సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన ఒకటి తీసింది. నల్లటిది, కాస్త లావుది. మూత అంచున సన్నటి బంగారు కట్టు. మూత తీస్తే పాళీ కూడా బంగారమే. చేతిలో పెడితే బరువు సరిగ్గా కుదిరింది, ఎప్పటి నుంచో నాదే అన్నట్టు. పాళీని సిరాలో ముంచి ఇస్తూ, "నొక్కకండి. బంగారం మెత్తన. నొక్కారంటే కాళ్ళు బారజాపేస్తుంది" అని హెచ్చరించింది.

ఏం రాయాలో తోచలేదు. "టమాటా, మొదటి రకం, ఒకటోసారి" అని రాశాను.

ఆవిడ తల వంచి చదివింది. "ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ సంతకం పెట్టి చూసుకుంటారు. టమాటాలు రాసింది మీరొక్కరే" అంది.

అక్షరాలు అవే, అదే వంకర. కానీ సిరా ఆరకముందు ఆ నల్లటి గీత తడిగా మెరుస్తుంటే, నిండుగా, ఎక్కడా పీలగా లేకుండా ఉంటే, నా గొంతు నాకు వినబడినట్టయింది. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ అదే జరిగింది.

ధర చెప్పింది. నాకు మాట పడిపోయింది, అంటే ఇంకాస్త పడిపోయింది. తగ్గించమని రాయబోయాను. జీవితమంతా ధర పెంచడమే పనిగా బతికినవాడికి తగ్గించమనడం చేతకాదని ఇవాళ తెలిసింది. "రెండోసారి" అని రాశాను. కాసేపు ఆగాను. పోటీకి ఎవరూ రాలేదు. "మూడోసారి" అని రాశాను. పాట నా పేరు మీదే ఖాయమైంది. స్కూటర్ మార్చుదామని దాచిన డబ్బు ఇటు వచ్చింది. పాత స్కూటర్ ఇంకా నడుస్తోంది, దాని పుణ్యం.

"ఎన్నాళ్ళు పనిచేస్తుంది?" అని అడిగాను.

"మీరు రాసినన్నాళ్ళు రాసి, ఇంకొకరికి ఇచ్చి పోవచ్చు."

"నాకు జూలై దాకా చాలు. తర్వాత మాట వచ్చేస్తుంది" అని రాశాను.

ఆవిడ పాళీ తుడిచి మూత పెట్టింది. పెన్నుని మళ్ళీ గుడ్డలో చుట్టి, సిరా సీసా పక్కన పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది.

జూన్ 16
ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెబుతాను. ఏముంది, పెన్నే కదా.

జూన్ 19
ఈ డైరీ ఇప్పుడు కొత్త పెన్నుతో రాస్తున్నాను. ఇంట్లోవాళ్ళకు చూపించే చీటీలు మాత్రం బాల్ పెన్నుతోనే. పొద్దున సిరా నింపడం బాగుంటుంది. పాళీని సీసాలో ముంచి వెనక మర తిప్పితే గుటక వేసినట్టు తాగుతుంది. నాకు గుటక వేస్తే నొప్పి. దీనికి లేదు. సంతోషం.

మా ఆవిడకు చెప్పలేదు. సందర్భం రాలేదు.

జూన్ 21
ఇవాళ బాల్ పెన్నుతో రాస్తున్నాను. కారణం రాయను.

జూన్ 22
రాస్తాను. రాయకపోతే ఎవరితో చెప్పుకోను.

నిన్న భోజనం దగ్గర మా ఆవిడ నా చూపుడు వేలి మీద నల్ల మరక చూసింది. "ఏమిటది?" అంది. ఇక దాచడం ఎందుకని పెన్ను తెచ్చి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. మూత తీసి పాళీ చూసింది. ఎంతయిందని అడిగింది, రాశాను. తిట్లకు సిద్ధంగా కూర్చున్నాను. తిట్టలేదు. పెన్నుని బల్ల మీద మెల్లగా పెట్టేసింది.

"డబ్బు సంగతి కాదండీ" అంది. "మీరు నిద్దట్లోనైనా ఒక మాట జారుస్తారేమోనని రోజూ చెవులు రిక్కించుకుని పడుకుంటున్నాను నేను. జారిస్తే డాక్టరు తిడతాడని భయం, అయినా వినాలని ఆశ. మీరేమో జన్మకి సరిపడే పెన్ను కొనుక్కొచ్చుకున్నారు. నెలన్నర ముచ్చటకైతే పెన్సిల్ చాలదా? ఇక మాట రాదని మీ మటుకు మీరు తేల్చేసుకున్నారు. నాతో ఒక్క ముక్క అనలేదు."

"కాదు" అని రాశాను, ఆ పెన్నుతోనే.

చూడలేదు. మొహం తిప్పుకుంది. ఇంకా పెద్దగా "కాదు" అని రాసి కాగితం ముందుకు తోశాను. "కళ్ళజోడు లేదు, నాకేం కనబడదు" అంది. ఇంతకుముందైతే ఇల్లు అదిరిపోయేలా ఒక్క కేక వేసేవాణ్ణి. వెయ్యడానికి ఉన్నది ఈ పెన్నొక్కటే. గొంతు ఎత్తినట్టు చెయ్యి ఎత్తి, కాగితమంతా నిండేలా, మొత్తం బలంతో నొక్కి మూడోసారి "కాదు" అని గీశాను.

పాళీ కాళ్ళు రెండూ విడిపోయాయి. కాగితం చిరిగింది. సిరా బల్ల మీద, నా చొక్కా మీద, తన చేతి మీద చిట్లింది. తను చేతిని కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

నొక్కొద్దని ఆవిడ చెప్పనే చెప్పింది. ప్రపంచంలో పాళీ పెన్నుతో అరవబోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంకో సంగతి. నిజమైతే ఒకసారి రాస్తే చాలు. మూడుసార్లు ఎందుకు రాశాను?

జూన్ 23
రాయాలంటే బాల్ పెన్ను ఉంది. రాయాలని లేదు.

జూన్ 24
పొద్దున్నే మా ఆవిడ తయారై చెప్పులు వేసుకుని నిలబడింది. "పదండి. దాన్ని చూపించుకొద్దాం" అంది, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు.

పెన్నులావిడ భూతద్దం కంటికి పెట్టుకుని పాళీని చూసింది. "కింద పడేశారా?"

లేదని తల ఊపాను.

"మరి ఇలా ఎలా అయింది?"

"అరిచారండీ, నా మీద" అంది మా ఆవిడ.

పెన్నులావిడ ఒకసారి నావైపు చూసింది, ఒకసారి తనవైపు చూసింది. "నొక్కొద్దని ఆ రోజే చెప్పానమ్మా."

"నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతున్నానండీ."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వడానికి కూడా శబ్దం లేదు, భుజాలు మాత్రం ఊగాయి.

పని మొదలుపెట్టింది. రెండు బొటనవేళ్ళ గోళ్ళతో పాళీని కొంచెం నొక్కడం, భూతద్దంలో చూడటం, పలచటి ఇత్తడి రేకు సందులో దూర్చి లాగడం, మళ్ళీ చూడటం. ఎంతసేపు చేసిందో. మా ఆవిడ పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడింది. చివరికి, "మునుపటిలా ఉంటుందాండీ?" అని అడిగింది. ఆస్పత్రిలో డాక్టర్ని అడిగిన గొంతుతోనే అడిగింది.

"అచ్చం మునుపటిలా ఉండదమ్మా. గీత కాస్త లావుగా పడుతుంది. రాయడానికి లోటుండదు" అంది పెన్నులావిడ. పాళీని సిరాలో ముంచి నాకు ఇవ్వబోయి, ఆగి, మా ఆవిడకు ఇచ్చింది. "మీరు రాసి చూడండి. మీకు దాని మీద కోపం లేదుగా."

కోపం ఉన్నది తనకే. అయినా తీసుకుంది. కళ్ళజోడు తెచ్చుకోలేదు. కాగితం మీదికి వంగి, బడిపిల్లలా నాలుక కొస బయటపెట్టి, మెల్లగా రాసింది. సంతకం పెడుతోంది అనుకున్నాను. రాసి కాగితం నావైపు తిప్పింది.

"మాట వస్తుంది."

అక్షరాలు గీత దాటి పోయాయి. నాకు ఏడుపొచ్చింది. దానికి శబ్దం అక్కర్లేదు. పెన్నులావిడ ఆ కాగితం మడిచి నాకు ఇవ్వబోతే మా ఆవిడ లాక్కుని చింపేసింది. "దాచుకుంటే రాదు" అంది.

ఈ ఇద్దరు ఆడవాళ్ళకీ నేను ఏమిచ్చి రుణం తీర్చుకోను?

జూన్ 30
ఒక విచిత్రం రాయాలి. ఇంతకుముందు భోజనానికి కూర్చుని వీధి చివరికి వినబడేలా "ఉప్పు" అని అరిచేవాణ్ణి. ఉప్పు అని రాయడానికి ఇంత పెన్ను మూత తీయాలంటే సిగ్గుగా ఉంది. లేచి వెళ్ళి తెచ్చుకుంటున్నాను. చిల్లర మాటలన్నీ అలా వాటంతట అవే రాలిపోయాయి. మూత తీస్తే రాయదగ్గ మాట ఏదో ఒకటి రాయాలనిపిస్తోంది.

ఇవాళ మూత తీసి ఇలా రాశాను. "ఆస్పత్రిలో నువ్వు కుర్చీలోనే నిద్రపోవడం చూశాను. అప్పుడు చెప్పడానికి వీల్లేకపోయింది. మెడనొప్పి తగ్గిందా?"

కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చాలాసేపు చదివింది, నాలుగు ముక్కలే అయినా. "ఇన్నేళ్ళలో నన్ను ఏం నొప్పి అని అడగడం ఇదే మొదలు" అని, మెడ తడుముకుంటూ వంటగదిలోకి పోయింది. అక్కణ్ణుంచి, "తగ్గలేదు" అని కేకేసింది.

నూనె వెచ్చబెట్టి రాశాను.

జూలై 6
నడిచి మార్కెట్‌కు వెళ్ళాను. షెడ్డులో స్తంభం పక్కన, బామ్మర్దికి కనబడకుండా నిలబడ్డాను. వాడి గొంతు నాకంటే సన్నం. అది విని లోపల కాస్త సంతోషం కలిగింది. రాసేశాను, పోనీ.

"ఒకటోసారి" అన్నాడు, ఎత్తాడు. "రెండోసారి" అన్నాడు, ఇంకా ఎత్తాడు. ఆగాడు. తర్వాత గట్టిగా దగ్గి, "మూడోసారి" అన్నాడు. జలుబు చేసిందేమో అనుకున్నాను. తర్వాత వంకాయలకూ అంతే. ఉల్లిపాయలకూ అంతే. ప్రతి మూడోసారికి ముందూ ఒక దగ్గు.

అయ్యాక పట్టుకుని "దగ్గు ఎప్పటి నుంచి?" అని రాసి చూపించాను.

నసిగాడు. "దగ్గు లేదు బావా. నువ్వు మూడోసారికి ముందు దగ్గుతావు కదా. జనానికి అదే గుర్తు. మొదట్లో నేను దగ్గకుండా ఖాయం చేస్తుంటే, ఇంకా అయిపోలేదుగా అని పాడుతూనే ఉన్నారు. రెండు రోజులు ఒకటే గొడవ. అందుకని దగ్గడం మొదలుపెట్టాను."

ఆ దగ్గు నా ఠీవి అనుకున్నాను ఇన్నాళ్ళూ. మార్కెట్ అంతా అదే అనుకుంది. లోపల గడ్డ పెరుగుతూ దగ్గిస్తుంటే నేను దాన్ని బాణీ అనుకుని మీసం తిప్పాను. వీడు రాయిలా ఉండి, నా రోగాన్ని వినయంగా నేర్చుకుని, రోజుకి వందసార్లు దగ్గుతున్నాడు.

వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి రాశాను. "దగ్గకు. గొంతు చీరుకుపోతుంది. మూడోసారికి ముందు చెయ్యి ఎత్తు, చాలు."

"జనం ఒప్పుకుంటారా?"

"నా దగ్గుకే అలవాటు పడ్డవాళ్ళు నీ చేతికి పడరా?"

చదివి నవ్వాడు. సన్నగా ఉంటే ఉందిగానీ, నిఖార్సయిన గొంతు వాడిది. దేవుడు వాడి గొంతు చల్లగా చూడాలి.

జూలై 13
గురువారం ఆస్పత్రికి వెళ్ళాలి. మా ఆవిడ రానంటోంది.

"డాక్టరు మొహంలో చూసి తెలుసుకునే ఓపిక నాకు లేదండీ. తమ్ముణ్ణి తీసుకెళ్ళండి. మాట వస్తే మీరే వచ్చి చెప్పండి. రాకపోతే మీరే వచ్చి రాయండి. ఏదైనా మీ దగ్గర్నుంచే నాకు తెలియాలి."

సరే అని రాశాను. ఒకసారే రాశాను.

జూలై 15
పెన్ను కడిగి కొత్త సిరా నింపాను. రేపు రాయాల్సి వస్తుందేమోనని కాదు. రాయాల్సి వస్తే ఉండాలని.

జూలై 16
వేలం పోయింది. ముందు అది రాసేసి పక్కన పెడతాను. "మాట ఉంటుంది, అరుపు ఉండదు" అన్నాడు డాక్టరు. గంటకి కాసేపు, అదీ ఎదుటివాడికి వినబడేంత. మిగతాదంతా రాసుకోవాలట. ఒక్కరోజు వేలం వేసినా మిగిలిన ఈ కాస్తా పోతుందట. బామ్మర్ది అక్కడే మొహం కప్పుకున్నాడు. వాడి భుజం తట్టి, ఆ చోటు ఇక నీదేనని రాసిచ్చాను. రాస్తున్నప్పుడు పాళీని నొక్కలేదు.

మా ఆవిడకు ఈ సంగతి భోజనాలయ్యాక పెన్నుతోనే చెప్పాను. చదివి కళ్ళజోడు తీసింది. "తమ్ముడు అరుస్తాడు, మీరు పక్కన కూర్చుని రేట్లు రాయండి. చదవడానికి బాగుంటాయి మీ అక్షరాలు ఇప్పుడు" అంది. ఈ పెన్ను ఎందుకు కొన్నానో నాకంటే తనకే బాగా తెలిసినట్టుంది.

పరీక్ష గురించి రాయాలి. డాక్టరు గొట్టం పెట్టి చూసి, తీసి, "ఆ అనండి" అన్నాడు. నోరు తెరిచాను. ఉత్త గాలి వచ్చింది. బామ్మర్ది గోడవైపు తిరిగాడు. "తొందరేం లేదు. పక్కనున్న మనిషితో అన్నట్టు అనండి" అన్నాడు డాక్టరు. పక్కనున్న మనిషితో ఎలా అనాలో నాకు జన్మలో అలవాటు లేదు. రెండోసారి మెల్లగా అన్నాను. ఏదో వచ్చింది. సన్నగా కాదు, బొంగురుగా కాదు, మెత్తగా. నాది కాదు అనుకుని చుట్టూ చూశాను. నాదే.

బస్సులో ఇంటిదాకా నోరు మూసుకునే కూర్చున్నాను. ఆ మాటలు కొన్నే ఉన్నాయి, దారిలో ఖర్చు చేయదలచుకోలేదు.

ఇంటి తలుపు వేసి ఉంది. లోపల కుళాయి పారుతోంది, గిన్నెలు తోముతున్నట్టుంది. తలుపు తట్టాను.

"ఎవరూ?"

"నేను" అన్నాను.

"నేనంటే ఎవరండీ? ఆయన ఇంట్లో లేరు. ఆస్పత్రికి వెళ్ళారు. కాసేపాగి రండి."

బామ్మర్ది "అక్కా" అని అరవబోయాడు. వాడి నోరు మూశాను. కొత్తవాళ్ళతో మాట్లాడే ఆ మర్యాద గొంతు మా ఆవిడది నేనెప్పుడూ వినలేదు, నాతో దాని అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంకాస్త వినాలనిపించింది.

"ఎప్పుడొస్తారు?" అన్నాను.

"తెలియదండీ." కుళాయి ఆగింది. తలుపు దగ్గరికి అడుగులు వచ్చాయి. "ఏమైనా చెప్పమంటారా?"

"వచ్చాడని చెప్పు."

లోపల గడియ కదిలింది. తీయడం రానట్టు తన చేతులు దాని మీద తడబడటం వింటూ బయట నిలబడ్డాను.